టెక్సాస్ నుంచి మెక్సికోకు కారులో: కర్నూలు ఇంట్లోనే దారి ఖరారు చేసుకునే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప ఊళ్ళలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు ఇప్పుడు వీధికి కొన్ని కనిపిస్తాయి. ఆ పిల్లల్లో డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడినవారు తక్కువేమీ కాదు. తల్లిదండ్రులు వేసవిలో వెళ్ళి కొన్ని నెలలు ఉంటారు. అబ్బాయికో అమ్మాయికో నాలుగు రోజుల సెలవు దొరికినప్పుడు, సరిహద్దు అంత దగ్గరలో ఉంది కాబట్టి మెక్సికో దాకా కారులో వెళ్ళి వద్దామనే ఆలోచన సహజంగానే వస్తుంది. ఆ ప్రయాణానికి కావలసిన పనిలో సగం ఇక్కడ, విమానం ఎక్కకముందే, ఇంట్లో కూర్చుని పూర్తి చేసుకోవచ్చు. డాలస్ నుంచి మాంటెర్రే నగరానికి వెళ్ళి వచ్చే దారిని ఉదాహరణగా తీసుకుని ఆ పని ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

కర్నూలు నుంచి తుంగభద్ర వంతెన దాటి పుల్లూరు టోల్‌గేటు చేరేటప్పుడు రాష్ట్రం మారిన సంగతి బోర్డు చూస్తే తప్ప తెలియదు. ఫాస్టాగ్‌లో డబ్బుంటే చాలు, బండి సాగిపోతుంది. ఆ అలవాటుతోనే ఫోనులో మ్యాప్ తెరిచి, అది చూపిన అతి దగ్గరి దారినే ఖాయం చేసుకోవడం మెక్సికో విషయంలో సరికాదు. అక్కడ మొదట తేల్చుకోవలసింది ఏ వంతెన మీద సరిహద్దు నది రియో గ్రాండేను దాటాలన్నది. ఆ తర్వాత పగటి వెలుతురు ఎన్ని గంటలుంటుందో లెక్క వేసుకోవాలి. ఏ ఊళ్ళో ఆగాలి, ఏం చూడాలి అన్నవి ఈ రెండూ తేలాకే వస్తాయి.

అయితే వంతెన దాకా వెళ్ళాలంటే ముందు కాగితాలు సరిగా ఉండాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి మెక్సికో వీసా అవసరమే, కానీ గడువు తీరని అమెరికా వీసా గాని, గ్రీన్‌కార్డు గాని ఉన్నవారికి ఆ దేశం దాని నుంచి మినహాయింపు ఇస్తోంది. కాబట్టి పదేళ్ళ బి1/బి2 సందర్శక వీసాతో వెళ్ళే తల్లిదండ్రులకు ఇబ్బంది లేదు. చిక్కు తరచుగా పిల్లలకే వస్తుంది. హెచ్-1బి ఉద్యోగ హోదా పొడిగింపు కాగితం చేతిలో ఉన్నా, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరిపోయి ఉంటే ఈ మినహాయింపు వర్తించదు. వారు మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. ఎఫ్-1 విద్యార్థులు తమ కళాశాల ఇచ్చిన ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం ఉందో లేదో చూసుకోవాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్నవారు న్యాయవాదిని అడగకుండా సరిహద్దు దాటకూడదు, ఎందుకంటే కొన్ని సందర్భాల్లో ముందస్తు అనుమతి లేకుండా దేశం విడిచి వెళితే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్కిస్తారు.

తల్లిదండ్రుల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. అమెరికాలో ఎంతకాలం ఉండవచ్చో నిర్ణయించేది వీసా మీది తేదీ కాదు, దేశంలోకి రానిచ్చినప్పుడు నమోదు చేసే ఐ-94 పత్రం మీది తేదీ. మెక్సికో వెళ్ళి వస్తే మరో ఆరు నెలలు కలిసొస్తాయని మన వాళ్ళలో ఒక ప్రచారం ఉంది. 30 రోజులకు మించకుండా మెక్సికో వెళ్ళి వచ్చేవారిని సాధారణంగా పాత ఐ-94 మీదనే లోపలికి రానిస్తారు. కొత్త గడువు ఇవ్వాలా వద్దా అన్నది గేటు దగ్గరి అధికారి ఇష్టం. గడువు పెంచుకోవడానికని ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. పాత ఐ-94 గడువులోనే తిరిగి వచ్చేలా తేదీలు వేసుకోండి.

ఇప్పుడు వంతెన సంగతి. డాలస్ నుంచి ఐ-35 రహదారి ఆస్టిన్, శాన్ ఆంటోనియోల మీదుగా సుమారు 690 కిలోమీటర్లు నడిచి లరేడో నగరంలో రియో గ్రాండే నది ఒడ్డున ముగుస్తుంది. ఆ రోడ్డు నేరుగా తీసుకెళ్ళేది హ్వారెస్-లింకన్ వంతెన దగ్గరికి. దాని అవతలి ఒడ్డున ఉన్న న్యువో లరేడో నగరం తమౌలిపాస్ రాష్ట్రంలోది. నేరాలు, అపహరణల కారణంగా అక్కడికి ప్రయాణించవద్దని అమెరికా విదేశాంగ శాఖ తన హెచ్చరికల్లో అన్నిటికంటే తీవ్రమైన నాలుగో స్థాయిలో చెబుతూ వస్తోంది. మ్యాప్ ఈ సంగతి చెప్పదు. లరేడోకు వాయవ్యాన ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో కొలంబియా వంతెన ఉంది. అది దిగితే చేరేది న్యువో లియోన్ రాష్ట్రం, అంటే మాంటెర్రే రాజధానిగా ఉన్న రాష్ట్రం. ఈ వంతెన మీద వెళితే న్యువో లరేడో నగరంలో అడుగు పెట్టకుండానే ముందుకు సాగి, మాంటెర్రేకు పోయే 85వ నంబరు జాతీయ రహదారిని అందుకోవచ్చు. చుట్టు తిరగడం వల్ల కొంత సమయం పోయినా, పెద్దవాళ్ళను, చిన్నపిల్లలను వెంట తీసుకెళ్ళే కుటుంబానికి నేను చెప్పేది ఈ వంతెనే. ఇది రోజంతా తెరిచి ఉండదు కాబట్టి ఆ వారంలో వేళలు ఏమిటో చూసుకోవాలి. న్యువో లియోన్‌కు కూడా హెచ్చరిక స్థాయి ఉంటుంది, అది మారుతూ ఉంటుంది; బయలుదేరే వారంలో మళ్ళీ ఒకసారి చదవండి. వరల్డ్ ట్రేడ్ వంతెన లారీలకు మాత్రమే, దాన్ని మ్యాప్‌లో చూసినా పట్టించుకోనక్కరలేదు.

వంతెన తేలాక వెలుతురు లెక్క సులువవుతుంది. డాలస్ నుంచి ఒకే రోజున మాంటెర్రే చేరాలని ప్రయత్నించవద్దు. మొదటి రోజు లరేడో ఉత్తర భాగంలో ఏదైనా హోటల్లో పడుకుని, రెండో రోజు తెల్లవారి వంతెన దాటితే, అవతలి కాగితాల పనికి రెండు గంటలు పట్టినా, మిగిలిన రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు ఎండ ఉండగానే పూర్తవుతాయి. మెక్సికో రహదారుల మీద చీకటి పడ్డాక నడపకూడదన్నది ఈ ప్రయాణంలో సడలించకూడని నియమం. గడియారం సంగతి కూడా గుర్తుంచుకోవాలి: వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపే పద్ధతిని మెక్సికోలో చాలా భాగం 2022లో వదిలేసింది, టెక్సాస్ వదలలేదు. అందువల్ల వేసవి నెలల్లో మాంటెర్రే టెక్సాస్ కంటే ఒక గంట వెనక ఉంటుంది. వెళ్ళేటప్పుడు కలిసివచ్చిన ఆ గంట తిరిగి వచ్చేటప్పుడు పోతుంది. వంతెన మూసే వేళను లెక్క వేసేటప్పుడు దీన్ని మరిచిపోకూడదు.

మెక్సికో వైపు దిగగానే ఎవరూ మిమ్మల్ని చేయి పట్టుకుని ఇమిగ్రేషన్ కార్యాలయానికి తీసుకెళ్ళరు. ఆపకుండా ముందుకు పోనిచ్చినా, మీరే ఆగి, లోపలికి వెళ్ళి, ప్రతి ఒక్కరికీ పర్యాటక అనుమతి పత్రాన్ని రాయించుకుని ముద్ర వేయించుకోవాలి. దాని తర్వాతే కారు పని. సరిహద్దు నుంచి ఇరవై, పాతిక కిలోమీటర్ల లోపు తిరిగే కారుకు అనుమతి అక్కరలేదు గాని, మాంటెర్రే దాకా వెళ్ళే అమెరికా నంబరు కారుకు తాత్కాలిక దిగుమతి అనుమతి తప్పనిసరి. దాన్ని బాన్‌హెర్సితో అనే సైనిక బ్యాంకు కౌంటరులో ఇస్తారు. ముందుగా ఆన్‌లైన్‌లో కూడా తీసుకోవచ్చు. రుసుముతో పాటు ధరావతు కట్టాలి. 2007, ఆ తర్వాతి మోడల్ కార్లకు అది 400 డాలర్లు. కారు యజమాని పాస్‌పోర్టు, లైసెన్సు, రిజిస్ట్రేషన్ పత్రం, ఇందాక ముద్ర వేయించుకున్న పర్యాటక అనుమతి అడుగుతారు. కారు అప్పు తీరకపోతే అప్పిచ్చినవారి నుంచి, అద్దె కారైతే ఆ సంస్థ నుంచి, మెక్సికోకు తీసుకెళ్ళడానికి అంగీకార పత్రం కావాలి.

మన వాళ్ళ పేర్ల విషయంలో ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, కారు రిజిస్ట్రేషన్‌లో అదే ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్న సందర్భాలు మనలో చాలా ఎక్కువ. కౌంటరులో ఉన్న ఉద్యోగికి మన పేర్ల పద్ధతి తెలియదు. రెండు కాగితాల్లో పేర్లు ఒకటిగా లేకపోతే అనుమానం రావడం న్యాయమే. బయలుదేరడానికి నెల ముందే అబ్బాయిని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడమనండి. తేడా ఉంటే రిజిస్ట్రేషన్‌ను సరిచేయించుకోవడమే మంచిది.

అమెరికాలో ఉన్న కారు బీమా మెక్సికోలో పనికిరాదు. అక్కడి చట్టం గుర్తించే, ఎదుటివారికి కలిగిన నష్టాన్ని భరించే మెక్సికన్ పాలసీని రోజుల లెక్కన కొనవచ్చు. ప్రమాదంలో ఎవరికైనా గాయాలైతే, తప్పెవరిదో తేలేవరకు డ్రైవరును నిర్బంధించే అవకాశం ఉన్న దేశం అది. కాబట్టి న్యాయ సహాయం కూడా కలిసి ఉన్న పాలసీ తీసుకోండి, నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే. అలాగే ఇక్కడ తల్లిదండ్రులకు కొనే ప్రయాణ ఆరోగ్య బీమాలో మెక్సికోలో గడిపే రోజులు కూడా వస్తాయో లేదో కర్నూలులోనే అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి.

మందుల సంచి కూడా ఇక్కడే సర్దుకోవాలి. బీపీ, షుగరు మాత్రలను స్ట్రిప్పుల నుంచి విడదీయకుండా, డాక్టరు చీటీతో పాటు ఉంచండి. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు మెక్సికోలో నిషిద్ధం. మాత్రల అట్ట వెనక ఆ పేరుందేమో చదివి, ఉంటే అమెరికా ఇంట్లోనే వదిలేయండి. కారులో తుపాకీ కాదు గదా, ఒక్క తూటా దొరికినా జైలుపాలు కావలసి రావచ్చు. టెక్సాస్‌లో స్నేహితుడి కారు అడిగి తీసుకునేవారు సీట్ల కింద, డిక్కీలో తప్పకుండా వెతికి చూసుకోవాలి.

రోడ్డు మీద రెండు రకాల దారులు కనిపిస్తాయి: క్వోతా అని రాసి ఉన్నది టోలు దారి, లీబ్రె అని ఉన్నది ఉచిత దారి. టోలు దారిలోనే వెళ్ళండి. మాంటెర్రే టోలు దారి నంబరు 85డి. గేటు దగ్గర ఇవ్వడానికి పెసోల నగదు, అందులో చిల్లర, చేతికందేలా ఉంచుకోండి. వేగం బోర్డులు కిలోమీటర్లలో ఉంటాయి, మైళ్ళకు అలవాటుపడ్డ పిల్లలకు ఇది పదేపదే గుర్తు చేయాలి. ఊళ్ళ దగ్గర తోపెస్ అనే స్పీడ్‌బ్రేకర్లు ముందస్తు హెచ్చరిక లేకుండానే ఎదురవుతాయి. బండి ఆగిపోతే 078 నంబరుకు ఫోను చేయాలి. ఆంఖెలెస్ వెర్దెస్ అనే ప్రభుత్వ సహాయక వాహనాలు వస్తాయి, వారి శ్రమకు డబ్బు తీసుకోరు. అత్యవసరానికి 911.

శాకాహారులైతే ఉడికించిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు కలుపుతారని తెలుసుకుని, ముందే అడగాలి. మాంటెర్రేలో ఏం చూడాలన్నది మీ ఇష్టం. 1986లో మూతపడిన ఉక్కు కర్మాగారాన్ని పార్కుగా మార్చిన ఫుందిదోరా ఒక పూటకు సరిపోతుంది. బెలుం గుహలు చూసినవారు ఊరికి దగ్గరలోని గార్సియా గుహలను కూడా చూసి రావాలని నా కోరిక.

తిరుగు ప్రయాణంలో వంతెన ఎక్కకముందే బాన్‌హెర్సితో కౌంటరు దగ్గర ఆగి కారు అనుమతిని రద్దు చేయించుకోవాలి. ఆ అనుమతికి గుర్తుగా కారు అద్దం మీద అతికించిన స్టిక్కరును మీరే పీకివేయవద్దు, దాన్ని అక్కడ అప్పగించి రసీదు తీసుకోవాలి. గడువులోగా రద్దు కాకపోతే ధరావతు రాదు, మరోసారి అనుమతీ దొరకదు. అమెరికా గేటులో పండ్లు, మాంసం ఉంటే ముందే చెప్పాలి. ఆవకాయ సీసా ఉన్నా చెప్పడమే మంచిది. వేసవిలో అక్కడి ఎండ మన కర్నూలు ఎండకు తీసిపోదు. వరుసలో గంటకు పైగా నిలబడవలసి రావచ్చు కాబట్టి పెట్రోలు నిండుగా, నీళ్ళు సమృద్ధిగా ఉంచుకోండి. గేటు దాటాక పాస్‌పోర్టులను వెంటనే సంచి అడుగున పెట్టేయవద్దు: లరేడో నుంచి ఉత్తరంగా ఐ-35 మీద 29వ మైలు దగ్గర సరిహద్దు గస్తీ దళం ప్రతి కారునూ ఆపి, లోపలున్నవారు ఏ వీసా మీదో, ఏ హోదాలోనో దేశంలో ఉన్నారని అడుగుతుంది. అది దాటేవరకు ఆ కాగితాలు చేతిలోనే ఉండాలి.