ప్రాచీన థీరా కొండ ఎక్కే ముందు: ఎండ, గాలి, దారి జాగ్రత్తలు

గ్రీసులోని శాంటోరిని ద్వీపానికి వెళ్లే మనవాళ్లలో చాలామంది తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు, ఓయాలో సూర్యాస్తమయం చూసి తిరిగొచ్చేస్తారు. అదే ద్వీపంలో ఆగ్నేయం వైపు, కమారి, పెరిస్సా అనే రెండు నల్ల ఇసుక బీచ్‌ల మధ్య మేసా వూనో అనే కొండ నిటారుగా లేచి ఉంటుంది. దాని నెత్తిన, సముద్రానికి సుమారు 360 మీటర్ల ఎత్తులో, పాత గ్రీకు నగరం థీరా శిథిలాలు ఉన్నాయి. తప్పకుండా చూడాల్సిన చోటు. కానీ తెలిసి వెళ్లేవాళ్లలో కూడా కొందరు బీచ్ చెప్పులతో, అర లీటరు నీళ్ల సీసాతో, పదకొండు గంటలకు తాపీగా బయల్దేరడం చూశాను. వేసవి టికెట్లు బుక్ చేసుకునేవాళ్లు అంతకుముందే ఇది చదివితే మంచిదని రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. శాంటోరినిలో తవ్వి తీసిన పాత ఊళ్లు రెండున్నాయి. ఒకటి అక్రోతిరి. అది అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిద కింద పూడిపోయిన, ఇంకా చాలా పాతకాలపు పట్టణం. దాని మీద పెద్ద కప్పు వేశారు, లోపల నీడ ఉంటుంది, నడవడానికి చెక్క దారులున్నాయి. రెండోది ఈ కొండ మీది థీరా. స్పార్టా వైపు నుంచి వచ్చిన డోరియన్ గ్రీకులు కట్టుకున్న ఊరు. 1896 నుంచి 1902 దాకా జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త హిల్లర్ ఫాన్ గెర్ట్రింగెన్ తవ్వి బయటపెట్టాడు. దీనికి కప్పు లేదు, చెట్టు నీడ దాదాపు లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లేవాళ్లు వాళ్లకు అక్రోతిరి చూపించండి. థీరాకు కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లే వెళ్లండి. ఈ ఒక్క నిర్ణయంతోనే సగం టెన్షన్ తీరిపోతుంది.

ఎండ మాకు కొత్తా అనుకోవద్దు

రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, గ్రీసులో 33 డిగ్రీలు మనల్నేం చేస్తాయని ధీమాగా ఉంటాం. ఈ కొండ మీద అసలు ప్రమాదం ఆ ధీమాయే. మన ఊళ్లో మే నెలలో పన్నెండు దాటితే గడప దాటం. తప్పక దాటినా నెత్తిన తువ్వాలు వేసుకుని నీడ చూసుకుంటూ పోతాం. సెలవుల్లో మాత్రం ఎంతో ఖర్చు పెట్టి వచ్చాం, ఇవాళ చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాం అన్న తొందరలో ఆ అలవాట్లన్నీ ఇంటి దగ్గరే వదిలేస్తాం.

దానికి తోడు అక్కడి గాలి మోసం చేస్తుంది. మన దగ్గర ఉక్కపోస్తుంది, చెమట కారి చొక్కా తడిసిపోతుంది, చాలు ఇక నీడకు పద అని ఒళ్లే చెబుతుంది. మేసా వూనో మీద చెమట పట్టీ పట్టకముందే గాలికి ఆరిపోతుంది. చల్లగా, హాయిగా ఉన్నట్టే ఉంటుంది. ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. నాలుక పిడచగట్టి, తల దిమ్మెక్కిందని తెలిసేసరికి మీరు ఊరికి ఆ చివర ఉంటారు. అక్కణ్ణుంచి బండి దాకా మళ్లీ ఎండలోనే నడవాలి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2024 జూన్‌లో గ్రీకు దీవుల్లో ఎండలో నడకకు వెళ్లిన పర్యాటకులు పలువురు చనిపోయారు. దారి తప్పి కొన్ని రోజుల తర్వాత శవాలై దొరికినవాళ్లూ ఉన్నారు. అదే నెలలో ఏథెన్స్‌లో అక్రోపొలిస్ అనే పాత కొండకోటను మధ్యాహ్నం పూట మూసేశారు. 2023 జులైలోనూ అలాగే మూశారు. వడగాడ్పుల రోజుల్లో మిగతా పురావస్తు స్థలాల వేళలు కూడా మారొచ్చు. థీరాకు వారంలో ఒక సెలవు రోజు ఉంటుంది, మిగతా రోజుల్లోనూ మధ్యాహ్నం తర్వాత గేటు త్వరగానే మూసేస్తారు. కాబట్టి వెళ్లే ముందు రోజు సాయంత్రం హోటల్ వాళ్లను అడిగి ఆ రోజు వేళలు కనుక్కోండి.

ఉదయం గేటు తెరిచే సమయానికి అక్కడ ఉండి, పదకొండున్నరకల్లా దిగిపోవాలి. ఏప్రిల్, మే మొదట్లో, సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు. జులై, ఆగస్టుల్లో మాత్రం ఈ నియమం తప్పకండి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువ కాకుండా ఉండాలి. శిథిలాల్లో కొళాయి దొరుకుతుందని, కింద పార్కింగ్ దగ్గర ఎవరో సీసాలు అమ్ముతారని నమ్ముకోవద్దు. ఇండియా నుంచి వెళ్లేటప్పుడే నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు సూట్‌కేసులో పడేసుకోండి. అక్కడి సూపర్‌మార్కెట్లలో అరియాని అని ఉప్పు వేసిన మజ్జిగ సీసాల్లో దొరుకుతుంది, అది కూడా బాగా పనికొస్తుంది. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగుతూ ఉండాలి. పొద్దున్నే టిఫిన్ మానేసి ఖాళీ కడుపుతో ఎక్కొద్దు.

నీళ్ల విషయంలో ఈ కొండకు పెద్ద చరిత్రే ఉంది. థీరాలో ఏడేళ్లు వాన పడలేదని, ద్వీపమంతా ఒకే ఒక్క చెట్టు మిగిలిందని, చివరికి కొంతమంది ఊరు విడిచి ఆఫ్రికా తీరానికి పోయి సైరీన్ నగరం కట్టుకున్నారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పాడు. కొండ మీద ఇళ్లలో వాన నీళ్లు పట్టి దాచుకునే తొట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడ కాపురం ఉన్నవాళ్లే ప్రతి చుక్కా లెక్కపెట్టుకుని బతికారు. ఆ తొట్ల మూతి దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి.

బీపీకి ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ప్రయాణానికి ముందే డాక్టరును అడిగి ఎండలో తిరిగే రోజుల్లో ఏం చేయాలో తెలుసుకోండి. ఇన్సులిన్‌ను ఎండలో ఆపిన కారులో వదిలేయకండి. తినడానికి తీపి ఏదైనా జేబులో ఉండాలి.

గాలిని నంబరు చూసి నమ్మండి

జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. ఆకాశం నీలంగా, మబ్బు తునక లేకుండా ఉంటుంది, గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది. కింద బీచ్‌లో గొడుగులు మామూలుగా ఊగుతున్నాయంటే పైన కూడా అంతే అనుకోవద్దు. కొండ శిఖరం మీద గాలి ఎప్పుడూ ఎక్కువే.

గ్రీసులో గాలిని బోఫోర్ నంబర్లలో చెబుతారు. 6 అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్ల వేగం, గొడుగు పట్టుకోవడమే కష్టం. 7లో ఎదురుగాలికి నడవడం ఇబ్బంది. 8 అయితే అడుగు ముందుకు పడదు. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు డిగ్రీలతో పాటు ఈ నంబరు కూడా చూడండి. 6 చూపిస్తే పిల్లలతో వెళ్లకండి. 7 దాటితే ఎవరూ వెళ్లొద్దనే అంటాను. ఆ రోజుకు అక్రోతిరి పెట్టుకుని, థీరాను ఇంకో రోజుకు మార్చుకోండి. ఇలా మార్చుకునే వీలుండాలంటే శాంటోరినిలో చివరి రోజుకు ఈ కొండను దాచిపెట్టుకోకూడదు.

ఈ గాలిలో అందరూ చేసే పని ఒకటుంది. టోపీ ఎగిరిపోగానే మనిషి దాని వెనక పరుగెడతాడు. కొండ అంచుల్లో చాలాచోట్ల కంచె గానీ పిట్టగోడ గానీ లేదు. గడ్డం కింద కట్టుకునే తాడున్న టోపీ తీసుకోండి, లేదా పల్చటి నూలు తువ్వాలు తలకు బిగించి కట్టుకోండి. ఎగిరిపోయినదాన్ని వదిలేయండి. చున్నీ, చీర కొంగు వదులుగా వేలాడకూడదు. అసలు ఆ రోజుకు ప్యాంటే నయం. నాటకశాల దగ్గర సముద్రం వెనక కనిపించేలా ఫోటో తీయమని ఒకరు, ఇంకొంచెం వెనక్కి జరగమని ఇంకొకరు అంటుంటారు. ఫోటో తీసేవాళ్లయినా దిగేవాళ్లయినా ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకూడదని ముందే ఇంట్లోవాళ్లందరికీ చెప్పి ఉంచండి.

పైకి చేరే దారి

కమారి నుంచి కొండ భుజం దాకా, సెల్లాదా అనే చోటి వరకు, రోడ్డుంది. రాళ్లు పరిచిన ఇరుకు రోడ్డు, వరసగా హెయిర్‌పిన్ మలుపులు. తిరుమలలో ఎక్కడానికో ఘాట్ రోడ్డు, దిగడానికో ఘాట్ రోడ్డు ఉన్నాయి. ఇక్కడ రెంటికీ ఇదొక్కటే. గ్రీసులో కుడివైపు నడపాలి. మైదానంలో రెండు రోజులకు అలవాటైపోయినట్టే ఉంటుంది గానీ, మలుపులో ఎదురుగా వ్యాన్ కనబడగానే చేయి పాత అలవాటుకొద్దీ ఎడమకే తిప్పుతుంది. అందుకే నా సలహా, కమారి నుంచి వెళ్లే మినీబస్సు ఎక్కండి. నడిపి తీరాలనుకుంటే దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి, బ్రేకు మీదే కాలు ఉంచొద్దు.

ఇండియా లైసెన్సు ఉన్నవాళ్లకు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా కావాలి. దాన్ని మన ఆర్టీఓ ఆఫీసులో బయల్దేరే ముందే తీసుకోవాలి. నాలుగు చక్రాల క్వాడ్ బైకులు ద్వీపమంతా అద్దెకిస్తారు. కుర్రాళ్లు ఇష్టపడతారు, కానీ ఈ మలుపుల్లో, ఆ గాలిలో వాటిని నేను సిఫార్సు చేయను. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటారు. ఆ పాలసీలో బైకు, క్వాడ్ బైకు ప్రమాదాలకు డబ్బు వస్తుందో రాదో చదవండి. చాలా పాలసీల్లో అక్కడే మెలిక ఉంటుంది.

పెరిస్సా వైపు నుంచి కాలిబాట ఉంది. దాదాపు గంట ఎక్కుడు, మెలికలు తిరుగుతూ, కాలి కింద కదిలే రాళ్లతో. దారంతా ఎండే. బాగా నడిచే అలవాటున్నవాళ్లు తెల్లవారగానే ఎక్కొచ్చు. ఒక్కరే వెళ్లొద్దు, వెళ్తే ఏ దారిలో పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో హోటల్లో చెప్పి వెళ్లండి.

సెల్లాదాలో బండి దిగాక కూడా గేటు దాకా, అక్కణ్ణుంచి ఊళ్లోకి నడకే. నున్నటి సున్నపురాయి, వందల ఏళ్ల అడుగులకు అరిగిపోయి ఎండలో కూడా జారుతుంది. చినుకు పడితే ఇక చెప్పక్కర్లేదు. వేళ్లు కప్పే, అడుగున పట్టున్న బూట్లు కావాలి. బాత్‌రూమ్ పని కమారిలోనే ముగించుకోండి. చంటిపిల్లల తోపుడుబండి పైన ఎందుకూ పనికిరాదు.

లోపల ఎక్కువసేపు ఆగే చోటు ఒకటి చెబుతాను. క్రీ.పూ. 3వ శతాబ్దంలో పెర్గే నుంచి వచ్చిన ఆర్టెమిడోరస్ అనే ఆయన కొండరాతిలోనే గుడి ఆవరణ చెక్కించాడు. గ్రీకు దేవుళ్లలో జియస్‌కు గద్ద, అపోలోకు సింహం, పొసైడన్‌కు డాల్ఫిన్, పక్కనే తన ముఖం కూడా. చేతికి అందే ఎత్తులో ఉన్న ఆ డాల్ఫిన్‌ను తడమకండి, వేళ్ల జిడ్డు, రాపిడి రాతిని తినేస్తాయి. ఇంకా లోపలికి పోతే బండల మీద గ్రీకు లిపి తొలినాళ్ల పేర్లు, రాతలు కనిపిస్తాయి. వాటి పక్కన మీ పేరు గీయడం నేరం. చిన్న పెంకు ముక్క జేబులో వేసుకోవడం కూడా గ్రీసు చట్టం ప్రకారం నేరమే. డ్రోన్ ఎగరేయాలంటే ముందు అనుమతి ఉండాలి.

ఏదైనా జరిగితే

తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, కాళ్లు పట్టేయడం మొదటి గుర్తులు. వెంటనే ఏదో ఒక గోడ నీడన కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా పట్టండి. మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీళ్లు ఒంటి మీద చల్లి విసురుతూ 112కు ఫోన్ చేయండి, ఇంగ్లీషులో మాట్లాడొచ్చు. అంబులెన్స్ నంబరు 166. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. వాహనం సెల్లాదా దాకానే రాగలదు, అక్కణ్ణుంచి మోసుకుని దించాల్సిందే. కాబట్టి మొదటి గుర్తు కనబడగానే మిగతా ఊరు చూడకుండానే వెనక్కి తిరగండి.

భూకంపం సంగతి కూడా మరవకూడదు. 2025 జనవరి చివర నుంచి శాంటోరిని, అమోర్గోస్ దీవుల మధ్య వేలకొద్దీ ప్రకంపనలు వచ్చాయి. ఫిబ్రవరిలో బడులు మూసేశారు, వేలమంది ఓడల్లో, విమానాల్లో ద్వీపం వదిలి వెళ్లారు. 1956లో వచ్చిన పెద్ద భూకంపానికి ఇళ్లు కూలి జనం చనిపోయారు. కొండ మీద ఉండగా నేల కదిలితే గోడలకు, స్తంభాలకు, కొండ అంచుకు దూరంగా మధ్యలో ఖాళీగా ఉన్న చోట కూర్చుండిపోండి. ఆగాక నెమ్మదిగా బయటికి రండి. తిరుగుదారిలో నిటారు కొండగోడ కింద ఆగొద్దు, రాళ్లు దొర్లుతాయి. గ్రీసులో అత్యవసర హెచ్చరిక వస్తే ఫోన్ పెద్ద శబ్దంతో మోగుతుంది, గ్రీకుతో పాటు ఇంగ్లీషులోనూ సందేశం వస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ హెచ్చరికలు ఆపేసి ఉంటే ఎక్కేముందే ఆన్ చేసుకోండి, ఛార్జింగ్ నిండుగా ఉంచుకోండి.

మినీబస్సులో వెళ్లినవాళ్లు ఎక్కేటప్పుడే డ్రైవరును తిరుగు బండ్ల వేళలు, ముఖ్యంగా ఆఖరి బండి ఎన్నింటికో అడిగి రాసుకోండి.