లోతు తక్కువ నీళ్లలో పాత కొయ్య పడవ కనిపిస్తే

సరస్సులో నడుం లోతు నీళ్లలో ఎవరిదో తెలియని పాత కొయ్య పడవ కనిపిస్తే, ముందు దాని మీద చెయ్యి వేయకండి. ఇది నేను నష్టం చేసి నేర్చుకున్న సంగతి. మొదటిసారి నాకు దొరికిన పడవ పక్కన జానెడు చెక్క ముక్క విడిగా పడి ఉంటే ఇంటికి తెచ్చి ఆరబెట్టాను. నీళ్లలో ఉన్నప్పుడు దాని మీద బాడిశ దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. వారం తిరిగేసరికి ముక్క మెలితిరిగి, అడ్డంగా పగిలి, ఆ గుర్తులన్నీ పోయాయి. ఆ పడవ చేసిన మనిషి చేతిపని అది. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు.

ఏళ్ల తరబడి నానిన చెక్కలో గట్టి పదార్థం చాలావరకు పోయి, ఆ ఖాళీల్లో నిండిన నీరే దాని ఆకారాన్ని నిలబెడుతుంది. నీరు ఆరిందంటే చెక్క కుంగిపోతుంది. 1628లో మునిగిన స్వీడన్ యుద్ధనౌక వాసాను 1961లో పైకి తీశాక, ముడుచుకుపోకుండా పాలీఇథిలీన్ గ్లైకాల్ (చెక్కలో నీటి జాగాలో చేరి ఆకారం నిలిపే మైనం లాంటి పదార్థం) ద్రావణాన్ని 17 ఏళ్లు చల్లారు. అంత ఏర్పాటు లేనప్పుడు పడవకు నీళ్లలో ఉండటమే క్షేమం. ఉన్నచోటే కాపాడటాన్ని మొదటి మార్గంగా చూడమని నీటి అడుగున ఉన్న వారసత్వ సంపదపై 2001 నాటి యునెస్కో ఒప్పందం కూడా చెబుతుంది.

మనం చేయాల్సింది నమోదు. గాలి లేని ఉదయం వెళ్లండి, ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి, మందపాటి అడుగున్న చెప్పులు వేసుకోండి. తుప్పు మేకులు బురదలో కనిపించవు. పడవ దగ్గర నడిస్తే అడుగు బురద లేచి గంటసేపు ఏమీ కనిపించదు, కాబట్టి కాళ్లు పైకి తేల్చి మెల్లగా ఈదుతూ చేరుకోండి. ఏదీ తవ్వకండి. బురదలో కూరుకుపోయిన భాగానికి ఆక్సిజన్ అందదు, అందుకే అదే అన్నిటికంటే బాగా నిలుస్తుంది.

కొలతలకు పడవ ముందు కొస అవతల ఒక గుంజ, వెనక కొస అవతల ఒక గుంజ పాతి, మధ్యలో టేపు బిగించి కట్టండి. గుంజలు చెక్కకు తగలకూడదు. ఆ టేపు మీద ప్రతి 50 సెంటీమీటర్లకూ ఆగి, అక్కడి నుంచి కుడి అంచు ఎంత దూరం, ఎడమ అంచు ఎంత దూరం కొలిచి రాయండి. తెల్లటి ప్లాస్టిక్ పలక మీద మామూలు పెన్సిల్ నీళ్లలోనూ రాస్తుంది. కంటి అంచనాను మాత్రం నమ్మకండి: కళ్లద్దాల మాస్కులోంచి చూస్తే వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనిపిస్తాయి. మొదటి రోజు నేను కంటితో రాసుకున్న అంకెలన్నీ తర్వాత కొట్టేయాల్సి వచ్చింది.

ఫోటోల్లో పది సెంటీమీటర్లకో గీత ఉన్న కర్ర ఒకటి కనబడాలి. ఒక ఫోటోలో ఉన్నదాంట్లో సగానికి పైగా పక్క ఫోటోలోనూ వచ్చేలా వరసగా తీస్తే, తర్వాత కంప్యూటర్‌లో వాటన్నిటినీ కలిపి త్రీడీ నమూనా తయారుచేయొచ్చు.

అసలు సంగతులు చిన్నచిన్న చోట్ల ఉంటాయి, అక్కడ ఎక్కువసేపు ఆగండి. పలకలు అంచుకు అంచు ఆనుకున్నాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కాయా? వెన్నుకొయ్యలో, అంటే పడవ అడుగున నడిమధ్య పొడవునా సాగే దూలంలో, నలుచదరపు గుంట ఉంటే తెరచాప కొయ్య నిలబెట్టిన చోటు కావచ్చు. బోల్టు కన్నాలతో రెండు బరువైన దూలాలు పక్కపక్కనే ఉంటే ఇంజను కూర్చున్న జాగా కావచ్చు. మేకు తుప్పుపట్టి పోయినా దాని కన్నం మిగులుతుంది. ఒకసారి నేను ముఖం దగ్గరగా పెట్టి చూస్తే, కన్నం చుట్టూ నల్లటి వలయం, లోపల నాలుగు మూలలూ స్పష్టంగా ఉన్నాయి. ఇనుము చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిస్తే ఆ నలుపు వస్తుంది. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివరికి గానీ విరివిగా రాలేదు, కాబట్టి అన్నీ చదరపు కన్నాలే ఉంటే పడవ ఇంకా పాతది కావచ్చు. ఒక్క కన్నంతో తేల్చకండి. మరమ్మతుకు కొట్టిన మేకు పడవ కంటే చాలా తర్వాతిది అయ్యుండొచ్చు, పాత మేకులు మళ్లీ వాడి ఉండొచ్చు. చెట్టు వలయాలు లెక్కించి కాలం తేల్చే పని ప్రయోగశాలకు వదిలేయండి, దానికి చెక్క కోయాలి.

జీపీఎస్ స్థానం రాసుకోండి, కానీ బయట పెట్టకండి. తెలిసిన వారంలోనే ముక్కలు పట్టుకుపోయేవాళ్లు వస్తారు. ఫోటోలు, కొలతలు, తేదీ, ఆ రోజు నీటి లోతు కలిపి పురావస్తు శాఖకు రాతపూర్వకంగా పంపి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. గుంజలు, టేపు తీసేసి రండి. ఏడాది తర్వాత అదే కోణాల్లో మళ్లీ ఫోటోలు తీయండి. ఏ పలక కదిలిందో, ఎక్కడ ఇసుక కొట్టుకుపోయి కొత్తగా చెక్క బయటపడిందో పాత ఫోటోలతో పోల్చితేనే తెలుస్తుంది.