మూడు నెలల వడ్డీని నెల జీతంలా వాడుకోవడం

సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వడ్డీ నెలనెలా రాదు. ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరి ఒకటో తేదీన మూడు నెలలదీ ఒక్కసారే పడుతుంది. 15 లక్షల మీద 8.2 శాతం చొప్పున 30,750 రూపాయలు. చిక్కంతా ఇక్కడే. మొదటి నెల చెయ్యి ధారాళంగా ఆడుతుంది, మూడో నెల మందులకు కటకట.

దీనికి నేను వాడే పద్ధతి రెండు ఖాతాలు. వడ్డీ పడే ఖాతాకు ఏటీఎం కార్డు, యూపీఐ రెండూ ఉండవు. అక్కడినుంచి ఇంటి ఖర్చుల ఖాతాకు నెలకు 10,000 దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసివ్వాలి. తేదీ ఒకటి పెట్టకండి, ఐదు పెట్టండి. ఏప్రిల్ 1 బ్యాంకులకు లెక్కల సెలవు. వడ్డీ ఆలస్యమైతే బదిలీ తప్పిపోతుంది.

అసలు దెబ్బ టీడీఎస్, అంటే వడ్డీ మన చేతికి రాకముందే కోసుకునే పన్ను. ఏడాది వడ్డీ 1,23,000, అంటే ఈ కోత మొదలయ్యే లక్ష హద్దు దాటింది. 10 శాతం కోస్తే చేతికొచ్చేది 27,675. మూడో నెల బదిలీకి డబ్బు చాలదు! పన్ను పడేంత ఆదాయం లేనివారు పన్ను కోయొద్దని చెప్పే, 15హెచ్ అని అందరం పిలిచే ఫారం ఏటా ఏప్రిల్‌లోనే ఇచ్చి, రసీదు తీసుకోవాలి. పన్ను కట్టాల్సినవారు ఆ ఫారం ఇవ్వకూడదు. బదిలీని 9,000కు తగ్గించుకోవాలి.

వడ్డీని తీసుకోకుండా స్కీమ్‌లోనే వదిలేస్తే దానిమీద వడ్డీ రాదు. ఖాతాకు జమయ్యేలా మొదటిరోజే రాసివ్వండి.