ఆర్వీ క్యాంపింగ్‌లో ట్రైపాడ్ మీద డిష్ ఎలా పెట్టుకోవాలి? ముందు పోల్ నిటారుగా, తర్వాతే శాటిలైట్ వేట

ఆర్వీ (లోపలే మంచం, వంటిల్లు ఉండే ప్రయాణపు బండి) తీస్కెళ్ళి క్యాంప్‌గ్రౌండ్‌లో మనకిచ్చిన సైట్‌లో పెట్టేశాం, కరెంటు తగిలించాం, నీళ్ళ పైపు తగిలించాం, ఇక మ్యాచ్ మొదలయ్యేలోపు డిష్ ఒక్కటి నిలబెట్టేస్తే అయిపోతుంది అనుకుంటాం చూడండి, సరిగ్గా అక్కడే గంటన్నర పోతుంది. నాకూ మొదటిసారి అంతే. ట్రైపాడ్‌ని గడ్డిలో ఎలా పడితే అలా పెట్టేసి డిష్ తగిలించి అటూ ఇటూ తిప్పడం మొదలెట్టా, లోపల కిటికీ దగ్గర మా ఆవిడ "వచ్చింది వచ్చింది... అయ్యో పోయింది" అని అరవడం, నేను మళ్ళీ తిప్పడం, చీకటి పడేదాకా ఇదే తంతు. తప్పు డిష్‌ది కాదు శాటిలైట్‌ది కాదు, నేను నిలబెట్టిన పోల్ ఓ పక్కకి ఒరిగి ఉంది, అంతే. ఇప్పుడు పావుగంట పోల్ మీద పెడతా, శాటిలైట్ అయిదు నిమిషాల్లో దొరికేస్తుంది.

అసలు ఈ గోలంతా ఎందుకు, బటన్ నొక్కితే తనంతట తనే వెతుక్కునే గుండ్రటి డోమ్ యాంటెనాలు ఉన్నాయిగా అంటారా, ఉన్నాయి, బానే ఉంటాయి కూడా. కానీ అమెరికాలో డైరెక్‌టీవీ అనే శాటిలైట్ టీవీ వాడేవాళ్ళకి అందులో ఓ చిక్కుంది, వాళ్ళ హెచ్‌డీ ఛానళ్ళు 99, 103 డిగ్రీల (శాటిలైట్ ఉండే పడమర రేఖాంశం, దాన్నే పేరులా వాడతారు) శాటిలైట్ల నుంచి కేఏ బ్యాండ్‌లో, అంటే మామూలు ఛానళ్ళకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వస్తాయి, ఈ చిన్న డోమ్‌లు దాన్ని పట్టవు, 101 నుంచి వచ్చే మామూలు ఛానళ్ళతోనే సరిపెట్టుకోవాలి. అందుకే ఇంటి పైకప్పు మీద పెట్టే పెద్ద కోలగా ఉండే డిష్‌నే ట్రైపాడ్ మీద పెట్టుకుని తిరుగుతారు. అక్కడి ఇంకో శాటిలైట్ టీవీ కంపెనీ డిష్ నెట్‌వర్క్ వాడేవాళ్ళకి ఈ సమస్య లేదు, అయినా వాళ్ళలోనూ ట్రైపాడ్ వాడేవాళ్ళు చాలామందే ఉన్నారు, కారణం చెట్లు. డోమ్ ఆర్వీ పైకప్పు మీద ఉంటే బండి ఎక్కడుంటే అదీ అక్కడే, ట్రైపాడ్ అయితే కేబుల్ ఎంత దూరం పోతే అంత దూరం ఎండ పడే చోటికి మోసుకెళ్ళొచ్చు.

బయల్దేరే ముందు సంచిలో వేస్కోవాల్సినవి

ట్రైపాడ్, డిష్, ఎల్ఎన్‌బీ (డిష్ ముందు చెయ్యి చివర ఉండి సిగ్నల్ పట్టే చిన్న డబ్బా) సరే. వాటితో పాటు ఓ చిన్న రసమట్టం (అయస్కాంతం ఉన్నదైతే పోల్‌కి అతుక్కుని చేతులు ఖాళీగా ఉంటాయి), కంపాస్ లేదా ఫోన్‌లో డిష్ పాయింటింగ్ యాప్, బోల్టులకి సరిపడే స్పానర్లు, ఓ పర్మనెంట్ మార్కర్, ఆర్‌జీ-6 కోయాక్స్ కేబుల్ 50 అడుగులది ఒకటి, కుదిరితే రెండు, గట్టి తాడు లేదా రాట్చెట్ స్ట్రాప్, కుక్కని కట్టడానికి నేలలోకి తిప్పి దించుతారే ఆ స్క్రూలాంటి మేకు ఒకటి. ట్రైపాడ్ కొనేటప్పుడు పోల్ లావు చూస్కోండి, అన్ని డిష్‌ల బ్రాకెట్లూ ఒకే లావు పోల్‌కి పట్టవు, వదులుగా ఉన్నదాన్ని బట్టముక్క చుట్టి బిగించే తెలివితేటలు గాలి వచ్చేదాకానే పనిచేస్తాయి.

చోటు చూడటం

టీవీ శాటిలైట్లు భూమధ్యరేఖకి సరిగ్గా పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, భూమితో పాటే అదే వేగంతో తిరుగుతాయి కాబట్టి మనకి ఆకాశంలో కదలకుండా ఒకేచోట ఉన్నట్టు అనిపిస్తాయి. అంటే ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్ళు దక్షిణం వైపు చూడాలి, దక్షిణార్ధగోళంలో వాళ్ళు ఉత్తరం వైపు. సైట్ ఎంచుకునే అవకాశం ఉంటే ఆ వైపు ఖాళీగా ఉన్నది తీస్కోండి, రిజిస్ట్రేషన్ దగ్గరే ఈ మాట అడిగేస్తే బండి పెట్టాక నెత్తి పట్టుకోనక్కర్లేదు.

ఎంత ఖాళీ కావాలి అన్నది ఎలివేషన్‌ని బట్టి, అంటే డిష్ ఆకాశంలోకి ఎంత ఎత్తుకి చూడాలో ఆ కోణం. 101 డిగ్రీల శాటిలైట్‌కి అమెరికా వాయవ్య మూలన ఉన్న సియాటిల్ దగ్గర అది సుమారు 32 డిగ్రీలే, టెక్సాస్ దక్షిణపు కొసకి వెళ్తే 60కి దగ్గర పడుతుంది. దీని అర్థం ఏంటంటే 50 అడుగుల చెట్టు ఎదురుగా ఉంటే సియాటిల్‌లో దానికి 80 అడుగుల దూరంలో ట్రైపాడ్ పెట్టాలి, అదే చెట్టుకి టెక్సాస్ కొసలో 30 అడుగులు చాలు. యాప్ లేకపోతే చెయ్యి ముందుకి చాచి పిడికిలి పట్టండి, ఒక పిడికిలి దాదాపు 10 డిగ్రీలు, కంటికి సమానంగా ఉన్న మట్టం నుంచి మూడు పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోతే 30 డిగ్రీలు వచ్చేస్తుంది, అక్కడ ఆకులు కనిపిస్తే ట్రైపాడ్ జరపాల్సిందే. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోందిగా వచ్చేస్తుందిలే అనుకోవద్దు, గాలికి కొమ్మ ఊగినప్పుడల్లా బొమ్మ గడ్డకట్టుకుపోతుంది, వాన పడి ఆకులు తడిస్తే ఇక చెప్పక్కర్లేదు.

పోల్‌ని నిటారుగా నిలబెట్టడం, అసలు పనంతా ఇదే

డిష్ బ్రాకెట్ మీద ఎలివేషన్ స్కేలు ఉంటుంది కదా, ఆ అంకెలన్నీ పోల్ నిటారుగా ఉందన్న నమ్మకం మీదే ముద్రించారు. పోల్ 3 డిగ్రీలు ముందుకి ఒరిగి ఉంటే మీరు స్కేలు 40 దగ్గర పెట్టినా డిష్ చూసేది 37 వైపు. అది కూడా ఎప్పుడూ 37 కాదు, డిష్‌ని పక్కకి తిప్పేకొద్దీ ఆ తేడా మారిపోతుంటుంది, అంటే పక్కలకి తిప్పుతున్నా అనుకుంటూనే పైకీ కిందకీ కూడా తిప్పేస్తున్నారన్నమాట, ఇక ఎంతసేపు తిప్పితే మాత్రం ఏం దొరుకుతుంది. పోల్ సరిగ్గా ఉంటే ఎలివేషన్ ఒకసారి పెట్టేసి మర్చిపోవచ్చు, వెతకాల్సింది పక్కలకి మాత్రమే.

ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా వెడల్పు చేసి పెట్టండి. ఒక కాలు శాటిలైట్ వైపు ఉండేలా చూస్కోండి, డిష్ బరువు ముందుకే ఉంటుంది కాబట్టి. ఇప్పుడు రసమట్టాన్ని పోల్‌కి ముందు వైపు ఆనించి చూడండి, తర్వాత పక్కకి తిప్పి 90 డిగ్రీల తేడాలో ఇంకోసారి చూడండి, రెండు చోట్లా బుడగ మధ్యలో ఉండాలి. ఒక్కచోటే చూసి సరే అనుకునేవాళ్ళే ఎక్కువ, అప్పుడు ముందుకి వెనక్కి బానే ఉంటుంది కానీ పక్కకి ఒరిగి ఉంటుంది. కాలు పొడవు మార్చే వీలుంటే మార్చండి, లేకపోతే పల్లంగా ఉన్న కాలి కింద చెక్కముక్క పెట్టండి, మెత్తటి నేలైతే మూడు కాళ్ళ కిందా పెట్టడం మంచిది, లేదంటే రాత్రి వాన పడితే పొద్దున్నకి ఒక కాలు దిగిపోయి ఉంటుంది. రసమట్టం మర్చిపోయి వచ్చారా, దారానికి ఓ నట్టు కట్టి పోల్ పక్కన వేలాడదీయండి, దారానికీ పోల్‌కీ మధ్య సందు పైనుంచి కిందదాకా ఒకేలా ఉంటే చాలు.

ఇప్పుడే కట్టేయండి కూడా, డిష్ తగిలించాక కాదు. ఆ స్క్రూ మేకుని ట్రైపాడ్ మధ్యలో నేలలోకి తిప్పి, స్ట్రాప్‌తో పోల్ పైభాగాన్ని కిందకి లాగి బిగిస్తే ట్రైపాడ్ నేలకి అతుక్కుపోయినట్టు ఉంటుంది. కానీ ముందు ఆఫీసులో అడగండి, హుకప్ (కరెంటు, నీళ్ళు తగిలించే చోటు) ఉన్న వైపు నేల కింద కరెంటు తీగలు, నీళ్ళ పైపులు వెళ్తుంటాయి, కొన్ని చోట్ల మేకులు అస్సలు దించనివ్వరు. అలాంటప్పుడు 5 గ్యాలన్ల బకెట్ నిండా నీళ్ళు పోసి మధ్యలో వేలాడదీయండి, 40 పౌండ్ల పైనే బరువుంటుంది, వెళ్ళేటప్పుడు పారబోసేస్తే సరి. డిష్ అంటే గాలికి తెరచాప లాంటిది, బయట ఆకు కదలట్లేదు కదా అని వదిలేయకండి. కట్టాక రసమట్టం మళ్ళీ పెట్టి చూడండి, స్ట్రాప్ బిగించేటప్పుడు పోల్ కొంచెం కదలకుండా ఉండదు.

మూడు అంకెలు

రిసీవర్ (టీవీకి తగిలించే సెట్‌టాప్ బాక్స్) మెనూలో పాయింట్ డిష్ లాంటి పేజీ ఉంటుంది, అక్కడ మీ డిష్ రకం, మీరున్న చోటి జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) కొడితే మూడు అంకెలిస్తుంది, అజిమత్ (ఏ దిక్కుకి), ఎలివేషన్ (ఎంత ఎత్తుకి), స్క్యూ (డిష్‌ని స్టీరింగ్‌లా ఎంత తిప్పాలి, డైరెక్‌టీవీ వాళ్ళు దీన్నే టిల్ట్ అంటారు). ఇంటి జిప్ కోడ్ కాదండోయ్, క్యాంప్‌గ్రౌండ్‌ది. ఒకే డిష్‌తో రెండు మూడు శాటిలైట్లు పట్టాలి కాబట్టి స్క్యూ కావాలి, ఉదాహరణకి డిష్ నెట్‌వర్క్ వెస్టర్న్ ఆర్క్ అంటే 110, 119, 129 మూడూ, ఆకాశంలో అవి వరసగా ఉన్నా మనకి కొంచెం వాలుగా కనిపిస్తాయి, ఆ వాలుకి డిష్‌ని కూడా వాల్చాలి.

స్క్యూ, ఎలివేషన్ రెండూ డిష్ కిందున్నప్పుడే సెట్ చేసి బిగించేయండి, పోల్ మీద పెట్టాక వాటితో కుస్తీ అనవసరం. పెట్టాక డిష్ చూస్తే ఆకాశంలోకి కాకుండా ఎదురుగా ఉన్న చెట్ల కేసి చూస్తున్నట్టు ఉంటుంది, కంగారు పడి పైకి ఎత్తేయకండి, ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, ఎల్ఎన్‌బీ కింద నుంచి పొడుచుకొచ్చి ఉంటుంది కదా, అందుకని కంటికి కనిపించేదానికంటే చాలా పైకే చూస్తుంటాయి. స్కేలుని నమ్మండి, కళ్ళని కాదు.

అజిమత్ దగ్గర ఇంకో మెలిక. కంపాస్ చూపించేది అయస్కాంత ఉత్తరం, మ్యాపులో ఉత్తరం వేరు, ఈ తేడా వాషింగ్టన్ రాష్ట్రంలో సుమారు 15 డిగ్రీలు తూర్పుకి, ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రానికి వెళ్తే దాదాపు అంతే పడమరకి. మీ అంకె ఏ ఉత్తరాన్ని బట్టి ఇచ్చారో, ఫోన్ కంపాస్ ఏది చూపిస్తోందో సెట్టింగ్స్‌లో చూస్కోండి. కంపాస్‌ని ఆర్వీ పక్కన, ట్రైపాడ్ పక్కన పెట్టి చూడకండి, ఇనుము దగ్గర అది ఇష్టమొచ్చినట్టు చూపిస్తుంది, పది పదిహేను అడుగులు వెనక్కి వచ్చి డిష్ వెనక నుంచి చూసి, ఆ గీత మీద దూరంగా ఏ చెట్టో స్తంభమో గుర్తు పెట్టుకుని దానివైపు తిప్పండి.

కేబుల్

రిసీవర్ ప్లగ్ తీసేసి ఉన్నప్పుడే తగిలించండి, ఎల్ఎన్‌బీకి కరెంటు కూడా ఈ కేబుల్‌లోనే వెళ్తుంది. ఆర్వీ గోడకి కేబుల్ అని, శాటిలైట్ అని రెండు పోర్టులు ఉంటే శాటిలైట్ దాంట్లోనే పెట్టాలి, కేబుల్ అన్నదాంట్లో పెడితే లోపల పైకప్పు యాంటెనా బూస్టర్ గుండానో స్ప్లిటర్ గుండానో వెళ్ళి సిగ్నల్ చచ్చిపోతుంది. కొత్త బండి అయితే మొదటిసారి ఏ పోర్టూ వద్దు, కేబుల్‌ని కిటికీలోంచి నేరుగా రిసీవర్‌కి తగిలించి చూడండి. అలా వచ్చి, పోర్టు ద్వారా రాకపోతే తప్పు గోడ లోపలి వైరింగ్‌లో ఉంది, బయట డిష్ తిప్పి లాభం లేదు.

వేట

సిగ్నల్ మీటర్ పేజీ తెరిచి ఎవరినైనా ఫోన్‌తో టీవీ ముందు నిలబెట్టి వాళ్ళకి వీడియో కాల్ చేయండి, అరుపులు తప్పుతాయి. అజిమత్ బోల్టు డిష్ తిరిగేంత వదులు చేసి, అనుకున్న దిక్కుకి 15 డిగ్రీలు అవతల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా ఇవతలకి తీసుకురండి. ఎంత నెమ్మది అంటే వేలి గోరంత జరిపి, మూడు నాలుగు లెక్కపెట్టి, మళ్ళీ గోరంత. మీటర్ రెండు మూడు సెకన్లు ఆలస్యంగా స్పందిస్తుంది, గబగబా తిప్పేస్తే శాటిలైట్‌ని దాటేసి పోయాక అది వచ్చింది అంటుంది. ఒక్క డిగ్రీ తేడా అంటే అక్కడ పైన 600 కిలోమీటర్ల పైనే పక్కకి చూస్తున్నట్టు, అందుకే ఈ జాగ్రత్త. ఒక చుట్టు వెతికినా రాకపోతే ఎలివేషన్ ఓ డిగ్రీ పెంచి ఇంకో చుట్టు, తర్వాత తగ్గించి ఇంకో చుట్టు, ఆ పైన కూడా రాకపోతే రసమట్టం మళ్ళీ తీయండి.

సిగ్నల్ రాగానే బిగించేయకండి, పక్క శాటిలైట్ కూడా దొరికి ఉండొచ్చు, మీటర్ పేజీలో శాటిలైట్ నంబర్ సరిపోయిందో లేదో చూస్కోండి. సరైనదే అయితే అప్పుడు మధ్య వెతకండి. డిష్‌ని ఎడమకి జరుపుతూ సిగ్నల్ పడిపోయే చోట పోల్ మీద మార్కర్‌తో గీత, కుడికి జరుపుతూ పడిపోయే చోట ఇంకో గీత, రెంటికీ సరిగ్గా మధ్యలో పెట్టండి. మీటర్‌లో అత్యధిక అంకె కోసం వేటాడేకంటే ఇదే నయం, ఎందుకంటే మధ్యలో ఉన్న డిష్‌కి గాలి తోసినా రెండువైపులా కొంచెం చోటుంటుంది. బోల్టులు ఒకటి పూర్తిగా బిగించి తర్వాత రెండోది కాదు, అటో పావు చుట్టు ఇటో పావు చుట్టు, బిగిస్తున్నంతసేపూ మీటర్ చూస్తూ ఉండమనండి.

రెండు రోజులు చక్కగా వచ్చి మూడో రోజు మధ్యాహ్నం ఓ పది నిమిషాలు మొత్తం పోయిందనుకోండి, నెల చూడండి. ఫిబ్రవరి చివర్లో మార్చి మొదట్లో, మళ్ళీ అక్టోబర్‌లో, కొన్నాళ్ళపాటు రోజులో కొద్ది నిమిషాలు సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు, సూర్యుడి నుంచి వచ్చే రేడియో రొదలో శాటిలైట్ సిగ్నల్ మునిగిపోతుంది, దానంతట అదే వస్తుంది, డిష్ ముట్టుకోకండి. ఉరుములు మెరుపులు వస్తుంటే మాత్రం టీవీ సంగతి తర్వాత, ముందు లోపల రిసీవర్ దగ్గర కేబుల్ పీకేయండి, మెరుపులు దగ్గర్లోకి వచ్చేశాక బయట ట్రైపాడ్ జోలికి వెళ్ళొద్దు.

ఎత్తేసేటప్పుడు

మూడు కాళ్ళ చోట్లూ ఓ ఫోటో తీస్కోండి, అదే క్యాంప్‌గ్రౌండ్‌కి మళ్ళీ వస్తే పనికొస్తుంది. ఎలివేషన్, స్క్యూ కదపకుండా డిష్‌ని అలాగే పోల్ మీద నుంచి ఎత్తి పక్కన పెట్టండి, తర్వాతి మకాం వంద మైళ్ళ లోపైతే ఒకట్రెండు డిగ్రీలు అటూ ఇటూ సవరిస్తే సరిపోతుంది. ఎల్ఎన్‌బీ చెయ్యి మీద ఏ సామానూ పడకుండా చూడండి, అది కొంచెం వంగినా డిష్ పోగుచేసిన సిగ్నల్ దాని మూతి మీద కాకుండా పక్కన పడుతుంది, ఇక ఎంత గీతలు గీసినా మీటర్ పైకెక్కదు. మాది అలాగే వంగింది, సామాను పడి కాదు, గోడకి తగిలించిన కేబుల్ తీయకుండా నేను బండి కదిపేశాను కాబట్టి, అందుకే ఇప్పుడు పొద్దున్నే మొదట తీసేది కేబుల్, కాఫీ ఆ తర్వాతే.