ఫ్యోర్డ్‌ను పటం మీద చదవడం ఎలా: స్వాల్‌బార్డ్‌లోని కాంగ్స్‌ఫ్యోర్డెన్

ఫ్యోర్డ్ అంటే హిమానీనదం తవ్విన లోయలోకి సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకు పాయ. ఆ మాట అనగానే నిటారు కొండలే కళ్లకు కడతాయి. చదవడం మాత్రం నీటి అడుగు నుంచి మొదలుపెట్టాలి. హిమానీనదం ఎక్కడ లోతుగా తవ్వింది, ఎక్కడ నిలిచి మట్టీ రాళ్లూ పోసింది అన్నది అక్కడే దొరుకుతుంది. నార్వేకు చెందిన ఆర్కిటిక్ దీవుల సమూహం స్వాల్‌బార్డ్‌లో పెద్ద దీవి స్పిట్స్‌బెర్గెన్. దాని పడమటి తీరంలో 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్న కాంగ్స్‌ఫ్యోర్డెన్ సాధనకు మంచి చోటు. 2008లో మొదలైన మన హిమాద్రి పరిశోధన కేంద్రం దీని దక్షిణపు ఒడ్డునే, న్యూ ఓలెసుండ్‌లో ఉంది.

పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, సముద్రపు అడుగును గడులుగా విడగొట్టి లోతులిచ్చే యూరప్ వారి ఈమాడ్‌నెట్ గ్రిడ్, కోపర్నికస్ బ్రౌజర్‌లో దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు సిద్ధం చేసుకోండి. అన్నీ ఉచితమే. ఊళ్ల పేర్లకూ కొండల ఎత్తులకూ నార్వే ధ్రువ సంస్థ వారి టోపోస్వాల్‌బార్డ్ పటం చాలు.

మొట్టమొదట ప్రొజెక్షన్, అంటే గుండ్రని భూమిని చదునైన పటం మీద పరిచే పద్ధతి, మార్చండి. వెబ్ పటాలు వాడే మెర్కేటర్‌లో ఈ అక్షాంశం దగ్గర దూరాలు 5 రెట్లకు పైగా సాగిపోతాయి; సుమారు 20 కి.మీ. ఫ్యోర్డ్ 100 కి.మీ. దాటి కనిపిస్తుంది. ప్రాజెక్టును ఈపీఎస్‌జీ 25833కి, అంటే యూటీఎం 33 ఉత్తర మండలానికి మార్చాకే కొలతలు తీయండి.

తరవాత హిమానీనదం ముఖం నుంచి బయటి సముద్రం దాకా, ఫ్యోర్డ్ నడిమధ్యగా గీత గీసి లోతుల ప్రొఫైల్, అంటే ఆ గీత వెంట నిలువు కోత బొమ్మ, తీయండి. నిలువు కొలత 10 రెట్లు పెంచకపోతే 20 కి.మీ. పొడవులో 300 మీ. గుంత ఆనదు. అలా పెంచిన బొమ్మ మీద వాలు కోణం కొలిస్తే మాత్రం తప్పే వస్తుంది.

ప్రొఫైల్‌లో వెతకాల్సింది గడపను, అంటే ఫ్యోర్డ్ నోటి దగ్గర అడుగు ఎత్తుగా లేచి అడ్డుగా నిలిచే చోటును. నార్వేలోని సోగ్నెఫ్యోర్డ్ లోపల 1,300 మీ. లోతుంటే, నోటి దగ్గర 200 మీ. కూడా ఉండదు. కొండల మధ్య ఇరుకులో మందంగా ఉన్న మంచు అడుగును తవ్వుకుపోతుంది. బయటపడ్డాక పరుచుకుని పలచబడి, తవ్వే బలం కోల్పోతుంది. కాంగ్స్‌ఫ్యోర్డెన్ నోటి దగ్గర అలాంటి అడ్డు లేదు, కందకం ఖండపు తీరపు అరుగు మీదుగా సాగుతుంది. అందుకే వెచ్చని అట్లాంటిక్ నీరు లోపలికి రాగలుగుతుంది. భారత్ 2014 జులైలో నీటి అడుగున కొలతలు తీసే ఇండార్క్ పరికరాలను ఇక్కడ దించింది ఈ నీటి రాకపోకలను కొలవడానికే. లోపల లొవేన్ దీవులు దాటాక అడుగు 100 మీ. లోపుకు ఎగబాకుతుంది. కొద్ది మీటర్ల ఎత్తుండే చిన్న మొరైన్ గట్లు (హిమానీనదం పోసిన మట్టీ రాళ్ల కుప్పలు) ఈ గ్రిడ్‌లో కనిపించలేదంటే లేవని కాదు: గడి ఉత్తర-దక్షిణంగా దాదాపు 115 మీ. ఉంటుంది, వాటిని ఓడ నుంచి ఒకేసారి ఎన్నో ధ్వని కిరణాలు పంపి లోతు కొలిచే మల్టీబీమ్ సర్వేయే పట్టగలదు.

హిమానీనదం వెనక్కి జరగడం చూడాలంటే వేర్వేరు ఏళ్ల ఆగస్టు చిత్రాలు రెండు పోల్చండి. ఫ్యోర్డ్ లోపలి కొనన ఉన్న క్రోనెబ్రేన్ హిమానీనదం ముందు తేలే మంచు ముక్కల గుంపును చాలామంది దాని ముఖమే అనుకుంటారు. పగుళ్ల వరస ఎక్కడ ఆగిపోతుందో అదే అసలు అంచు. నవంబరు నుంచి జనవరి దాకా చీకటి, కాబట్టి అప్పుడు సెంటినెల్-1 రాడార్ చిత్రాలే గతి. ఇంకో చిక్కు: స్వాల్‌బార్డ్‌లో చాలా హిమానీనదాలు దశాబ్దాల పాటు నెమ్మదిగా ఉండి, ఒక్కసారిగా ముందుకు ఉరుకుతాయి. అలాంటి ఉరుకును చూసి వాతావరణం చల్లబడిందని రాసేయకండి.

ఇక ఒడ్డు. బ్రోగర్ ద్వీపకల్పం కొనన క్వాడెహుక్ మైదానంలో తీరానికి సమాంతరంగా మెట్లు మెట్లుగా గులకరాళ్ల గట్లు కనిపిస్తాయి. మంచు బరువు తగ్గి నేల లేస్తుంటే పాత బీచ్‌లు పైకి చేరాయి. బీచ్ గట్టు ఒకే ఎత్తులో సాగుతుంది, రాళ్లు గుండ్రంగా ఉంటాయి. హిమానీనదం తన పక్క అంచున పోసిన మొరైన్ లోయ దిగువకు వాలుతుంది, రాళ్లు కోసుగా, చిన్నా పెద్దా కలిసి ఉంటాయి.

గట్టు ఎత్తే నేల లేచిన ఎత్తు అనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 40 మీ. ఎత్తున 10,000 ఏళ్ల నాటి గట్టు ఉందనుకోండి. అప్పటి ప్రపంచ సముద్రమట్టం ఇప్పటికన్నా ఇంచుమించు 40 మీ. కిందుంది, కనుక నేల లేచింది 80 మీ. దాకా. వయసును గవ్వల కార్బన్-14తో తీస్తే, సముద్రపు నీటిలోని పాత కార్బన్ వల్ల వచ్చే సుమారు 400 ఏళ్లు తీసేయాలి. సైబీరియా నదుల నుంచి కొట్టుకొచ్చిన దుంగలకు ఆ సవరణ అక్కర్లేదు, కానీ నమూనా బెరడు దగ్గరి వలయాల నుంచే తీసుకోవాలి. నడిమి చేవ చెట్టు కొట్టుకొచ్చిన కాలం కన్నా ఎన్నో ఏళ్లు పాతదై ఉంటుంది.