‘మదింపు’ అనే మాటను ఎలా వాడాలి?

పలాసలో జీడి పిక్కల బస్తా దగ్గర నిలబడి "ఎంతకిస్తారు?" అని అడిగితే అది ధర అడగడం. పిడికెడు పిక్కలు చేతిలోకి తీసుకుని, కోసి, లోపల పప్పు ఎలా ఉందో చూసి, ఆ తర్వాత ఇంత చేస్తుందని తేలిస్తే అది మదింపు. వార్తల్లోనూ అర్జీల్లోనూ ఈ తేడా చెరిగిపోతుండటం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఇంత పొందికైన మాట మనకు మరొకటి లేదు.

మొదట అర్థం పట్టుకోండి. ఒక వస్తువునో, ఆస్తినో, నష్టాన్నో పరీక్షించి, లెక్కగట్టి విలువ తేల్చడమే మదింపు. దీనికి ‘చేయు’ చేర్చి వాడాలి. ‘ఇంటిని మదించారు’ అని రాయకండి, చదివేవారికి మదించిన ఏనుగు గుర్తుకొస్తుంది. ‘ఇంటి విలువను మదింపు చేశారు’ అంటే చాలు.

తర్వాత, దీన్ని ‘అంచనా’ నుంచి విడదీయండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అలాంటి విపత్తు మర్నాడు రోడ్డు మీద నుంచి చూసి ‘సగం తోట పోయింది’ అంటే అది అంచనా. తోటలోకి దిగి, పడిన చెట్టునూ నిలిచిన చెట్టునూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, వాటి వయసు, కాపు చూసి రాసినది మదింపు. పరిహారం కోరుతూ అర్జీ రాసే రైతుకు ఈ తేడా అక్షరాలా డబ్బుతో సమానం.

మదింపు ఎలా జరుగుతుందో తెలిస్తే మాట దానంతటదే సరిగా పడుతుంది. మళ్లీ జీడి పిక్కలకే వద్దాం. బస్తాల్లో అక్కడక్కడ నుంచి కిలో పిక్కలు తీస్తారు. ఒక్కొక్కటి రెండుగా కోసి తాలువి, పురుగు పట్టినవి, మచ్చ పడినవి పక్కన పెడతారు. మిగిలిన మంచి పప్పు 250 గ్రాములు తూగిందనుకుందాం. ఆ లెక్కన 80 కిలోల బస్తాకు 20 కిలోల పప్పు. బేరం అక్కడి నుంచి మొదలవుతుంది. ఒలిచిన పప్పుకూ ఇలాంటి కొలతే ఉంది. 320 రకం అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండు పప్పులు తూగుతాయని అర్థం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. బద్ద, ముక్క వేరే లెక్క.

కొన్ని చోట్ల మాట ముందే స్థిరపడింది, అక్కడ మార్చవద్దు. ఆదాయపు పన్నులో ‘మదింపు సంవత్సరం’ అనే అన్నారు. 2024-25 ఆదాయానికి 2025-26 మదింపు సంవత్సరం. పరీక్షల జవాబు పత్రాలకు మాత్రం ‘మూల్యాంకనం’. లాభనష్టాలను మనసులో పక్కపక్కన పెట్టి చూసుకోవడం ‘బేరీజు వేసుకోవడం’. మనుషుల గుణానికి మదింపు వాడకండి, అక్కడ ఆ మాట కటువుగా వినిపిస్తుంది.

చివరగా, వాక్యం రాశాక ‘దేన్ని చూసి?’ అని అడిగి చూడండి. ‘ఇంటి విలువను పది లక్షలుగా మదింపు చేశారు’ అన్న వాక్యంలో జవాబు లేదు. ‘స్థలం, కట్టుబడి, ఇంటి వయసు చూసి పది లక్షలుగా మదింపు చేశారు’ అన్నదానిలో ఉంది.