మెరుస్తున్న పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కొనేముందు ఏం చూడాలి, ఎంత ఇవ్వాలి

బండ్లు బాగుచేసే మా షాపు ఒడిశాలోని పర్లాకిమిడిలో. బండి తీస్తే పది నిమిషాల్లో పాతపట్నం, అంటే ఆంధ్రా వచ్చేస్తుంది. అందుకే టెక్కలి, శ్రీకాకుళం కుర్రాళ్లు ఒడిశా బండ్ల కోసం ఇటు వస్తుంటారు. ఈమధ్య ఎవరొచ్చినా ఒకటే మాట: "గురువుగారూ, ఆర్‌ఎక్స్ 100 ఒకటి చూశాం, లక్షా అరవై ఐదు చెప్తున్నాడు, ఇవ్వొచ్చా?" అని ఫోన్లో ఫొటో చూపిస్తారు. ఫొటోలో అన్ని బండ్లూ బాగానే ఉంటాయి.

ఆ బండి 1985 చివర్లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. అన్నేళ్ల బండి అద్దంలా మెరుస్తోందంటే ఎవరో పని చేసినట్టే. పని చేయించడం తప్పు కాదు, నా తిండి కూడా ఆ పనే. కానీ రంగు, నికెల్ పూత, సీటు కవరు, టైర్లు డబ్బు పెడితే ఎప్పుడైనా వస్తాయి. కంపెనీ కొట్టిన నంబర్లున్న ఛాసిస్, క్రాంక్ కేసు, అసలు బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండరు) మళ్లీ రావు. రానివాటికి డబ్బు ఇవ్వండి, వచ్చేవాటికి బేరం ఆడండి.

పగటిపూటే వెళ్లండి. ముందు నంబర్లు చూడండి, ఆ తర్వాతే మిగతావి. ఛాసిస్ నంబరు హ్యాండిల్ మెడ దగ్గర ఉంటుంది. గుడ్డకి కిరసనాయిలు తడిపి తుడిచి, టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వాలుగా వెయ్యండి. కంపెనీ అంకెలు ఒకే లోతులో, ఒకే వరసలో ఉంటాయి. చేత్తో పంచ్ కొట్టినవైతే ఒకటి లోతుగా, ఒకటి పైపైన, ఒకటి పక్కకి ఒరిగి ఉంటుంది. నంబరు ఉన్నచోట బొటనవేలి గోరుతో అడ్డంగా గీయండి. గ్రైండర్ పెట్టి ఉంటే అక్కడ చిన్న పల్లం గోరుకి తగులుతుంది. కంటికి కనబడనిది గోరుకి దొరుకుతుంది. ఆ ఒక్కచోటే రంగు మందంగా ఉన్నా అనుమానించండి. తర్వాత ఇంజన్ నంబరు. ఆర్‌ఎక్స్ 100 ఇంజన్‌కి 1ఎల్1తో మొదలవ్వాలి. రెండూ ఆర్‌సీతో ఒక్కో అంకె పైకి చదువుతూ సరిచూసుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆరేళ్ల కిందట నేనే మోసపోయాను. మా తమ్ముడి కొడుకు ముచ్చటపడ్డాడని ఎర్ర బండి ఒకటి రాత్రిపూట ట్యూబులైటు కింద చూసి ఎనభై ఐదు వేలకి తీసుకున్నాను. ఇంజన్ చప్పుడు అంత బాగుంది మరి. నాలుగు నెలల తర్వాత, బండిని వేరే ఆర్‌టీఓ కిందికి మార్చడానికి కావలసిన అనుమతి కాగితం, అదే ఎన్‌ఓసీకి వెళ్తే నంబరు కుదరలేదు. షాపుకి తెచ్చి రంగు గీకితే మెడ దగ్గర వేరే ముక్క వెల్డింగ్ చేసి ఉంది. ఆ బండి ఇప్పటికీ మా షెడ్డులోనే ఉంది, రోడ్డెక్కించలేను, ఇంకొకరికి అంటగట్టలేను. దాన్ని చూసినప్పుడల్లా పిల్లవాడి ముఖం గుర్తొస్తుంది.

మా జిల్లా బండ్లకి ఇంకో గుర్తు ఉంది. గజపతి జిల్లా పుట్టింది 1992 అక్టోబర్ 2న. అంతకుముందు ఇదంతా గంజాం. కాబట్టి "1988 మోడల్, మా నాన్న కొన్నదే, ఒకే చెయ్యి" అంటూ ఓఆర్ 20 (గజపతి జిల్లా కోడు) నంబరు ప్లేటు చూపిస్తే, ఆ నంబరు 1988లో ఇచ్చింది కాదు. తర్వాత మార్చుకుని ఉండొచ్చు, అది తప్పేం కాదు. కానీ మొదటి నంబరేంటి, ఎప్పుడు మారింది, ఎందుకు మారింది, కాగితం చూపించమనండి. ఇంకొందరు "వింటేజ్ బండి" అని రేటు పెంచుతారు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్ ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి. ఇక్కడ తయారైన ఆర్‌ఎక్స్ 100 ఏదీ ఆ లెక్కలోకి రాదు.

ఇంజన్ దగ్గరికి వస్తే, స్టార్ట్ చేయకముందే ఫిన్నుల (బ్లాకు చుట్టూ ఉండే రెక్కల) మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరొచ్చేముందు స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లారేదాకా టీ తాగి రండి. చల్లటి ఇంజన్ రెండు మూడు కిక్కులకి అందుకోవాలి. మొదట పొగ వస్తుంది, టూ స్ట్రోక్ కదా, పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది. ఐదు నిమిషాలైనా దట్టంగా తెల్లపొగ తగ్గకపోతే క్లచ్ వైపు ఆయిల్ సీలు పోయి గేరాయిలు కాలుతోందని అర్థం. ఐడ్లింగ్ దానంతటదే పెరిగి తగ్గుతుంటే మ్యాగ్నెట్ వైపు సీలు చూడాలి. ఇవి చిన్న పనులు, ఇంజన్ విప్పే కూలి మాత్రం తగులుతుంది.

పెద్ద సంగతి బ్లాకు. ఆర్‌ఎక్స్ 135 బ్లాకు దీనికి ఎక్కించి "పికప్ చూడండి" అంటారు. పికప్ వస్తుంది, నిజమే. కానీ అది 98 సీసీ బండి కాదు, ఆర్‌సీలో రాసిన బండీ కాదు. హెడ్ (బ్లాకు మీది మూత) విప్పి చూపించమనండి, పావుగంట పని. స్కేలు పెడితే బోరు (బ్లాకు లోపలి రంధ్రం వెడల్పు) 50 మిల్లీమీటర్లు ఉండాలి, 135ది 58. పిస్టన్ తల మీద 0.50 అని ఉంటే బోరు అర మిల్లీ పెంచారని, 1.00 ఉంటే బ్లాకు ఆయుష్షు చివరికొచ్చిందని లెక్క. హెడ్ విప్పడానికి ఒప్పుకోనివాడి దగ్గర నేను బండి కొనను.

ట్యాంకుకి పల్చటి కాగితం అడ్డం పెట్టి అయస్కాంతం ఆనించండి. జారిపోయినచోట పుట్టీ ఉంది. సీటు కింద, ట్యాంకు అడుగున పాత రంగు మిగిలి ఉంటుంది, అది ఆర్‌సీలో రాసిన రంగేనా చూడండి. తడి నేల మీద తిన్నగా నడిపించి వెనక్కి తిరిగి చూస్తే రెండు టైర్ల గుర్తులూ ఒకదాని మీద ఒకటి పడాలి. పక్కపక్కన పడితే ఛాసిస్సో ఫోర్కో వంగింది.

ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి: "తీసేసిన పాత సామాను ఎక్కడుంది?" శ్రద్ధగా చేసినవాడు పాత సైలెన్సరు, మీటరు, కార్బొరేటరు గోనెసంచిలో కట్టి దాచుతాడు, విప్పకముందు తీసిన ఫొటోలు, బిల్లులు కూడా ఉంచుతాడు. ఆ గోనెసంచి బయటికి వస్తే నాకు సగం టెన్షన్ తీరిపోతుంది.

ఇక ధర. పోయిన దసరాకి టెక్కలి కుర్రాడితో కాశీనగర్ వెళ్లాను. 1990 బండి, అడిగింది లక్షా అరవై ఐదు వేలు. నంబర్లు శుభ్రం, కాగితాలు సరి, బ్లాకు మాత్రం 135ది, సైలెన్సరు లోకల్. రంగు వేయని, నడిచే, నంబర్లు మంచివి ఉన్న బండికి మా వైపు నేను కట్టే విలువ ఎనభై ఐదు వేలు. క్రాంక్, సీళ్ల బిల్లు పదకొండు వేలు, టైర్లు, స్పోకులు తొమ్మిది వేలు పూర్తిగా కలిపాను. రంగు, నికెల్‌కి ఇరవై నాలుగు వేల బిల్లు చూపించాడు, సగమే కలిపాను, ఎందుకంటే అది వాడి ఇష్టానికి వేయించుకున్నది. మొత్తం లక్షా పదిహేడు వేలు. అందులోంచి అసలు బ్లాకు వెతికి వేయించడానికి పదిహేను, సైలెన్సరుకి ఏడు తీసేశాను. తొంభై ఐదు చెప్పాం, లక్షా రెండు వేలకి తెగింది. మీ ఊరి రేట్లు పెట్టుకుని ఇలాగే కాగితం మీద, అతని ఎదురుగానే లెక్క వేయండి.

సరిహద్దు దాటించే బండైతే ఇంకో ఖర్చు ఉంది. ఆర్‌సీకి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అది బతికి ఉందో లేదో చూడండి. ఎన్‌ఓసీకి ఫారం 28, పేరు మార్పుకి 29, 30. పాత పుస్తకం ఆర్‌సీ ఆన్‌లైన్లో ఎక్కకపోతే ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి, ఆ తిరుగుడు అమ్మేవాడిదే. ఆంధ్రాలో 12 నెలలకి మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, అక్కడి ట్యాక్సు కట్టాలి. ఆ ట్యాక్సు ఎంతో ముందే కనుక్కుని బేరంలో కలపండి. కాశీనగర్‌లో ఐదు వేలు బయానా ఇచ్చి, రెండు నంబర్లూ తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించాం. మిగతా డబ్బు ఎన్‌ఓసీ చేతికొచ్చిన రోజున, ఆ గోనెసంచితో సహా బండి తీసుకుని ఇచ్చాం.